పేరిచ్చాడు కదా, ఇంకేటి కావాల?

జంగ్లీఘాట్‌లో ఆరేసిన వలల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో పెద్దమనిషి కూర్చున్నాడు. కాస్త ఎడంగా గోడకానుకుని ఇరవై రెండేళ్ల అమ్మాయి, ఒళ్లో మూడు నెలల పిల్ల. బోటు మీద పనిచేసే కుర్రాడు తల వంచుకుని నిలబడ్డాడు. గంటసేపు అరుపులయ్యాక పెద్దమనిషి తేల్చేశాడు. “పిల్లకి నీ పేరు రాయించు. రాయిస్తావా నేదా?” “రాయిస్తాను మావా.” “అయిపోయింది. పేరిచ్చీసాడు కదమ్మా, ఇంకేటి కావాల నీకు?” టీలొచ్చాయి. తాగి అందరూ లేచారు.

ఈ మాట నేను ఆ ఒక్కచోటే వినలేదు. హడ్డోలో విన్నాను, హట్‌బేలో విన్నాను, విశాఖ నుంచి వచ్చే ఓడ డెక్కు మీదా విన్నాను. 2011 జనాభా లెక్కల్లో ఈ అండమాన్ నికోబార్ దీవుల 3.8 లక్షల మందిలో దాదాపు 13 శాతం తెలుగు తమ మాతృభాష అని రాయించుకున్నారు. ఎక్కువమందివి శ్రీకాకుళం, విశాఖ తీరాలు. ఊరు అక్కడ, పని ఇక్కడ, మధ్యలో రెండున్నర రోజుల సముద్రం. ఇలాంటి బతుకుల్లో పెళ్లి బయట బిడ్డలు పుట్టడం, రెండో కాపురాలు పెట్టడం, వాటికి పంచాయితీలు జరగడం వింతేమీ కాదు. పంచాయితీ ఎక్కడ ఆగిపోతుందన్నదే నాకు అభ్యంతరం.

ముందు ఆ వాదాన్ని న్యాయంగానే చెప్పుకుందాం. దాన్ని నమ్మేవాళ్లు మూర్ఖులూ కారు, దుర్మార్గులూ కారు. వాళ్లనేది ఇదీ. బిడ్డకు ముందు కావలసింది గుర్తింపు. తండ్రి తనంతట తానే ఒప్పుకుంటే బడిలో, ఆధార్‌లో, నలుగురిలో బిడ్డకో పేరుంటుంది. ఆ పేరు వెంబడే తిండీ, ఆస్తీ, హక్కులూ వస్తాయి. కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది. ఈలోగా మనిషి ఓడెక్కేస్తాడు, లేదా అసలు నా బిడ్డే కాదని అడ్డం తిరుగుతాడు. మెత్తగా చెబితే ఒప్పుకుంటాడు. అతనికీ పోయేదేముంది, పేరే కదా? రేపు ఏదైనా తేడా వస్తే డీఎన్‌ఏ పరీక్ష ఉండనే ఉంది, పేరు తీయించేసుకోవచ్చు.

ఇందులో ఒక్క ముక్కతో నాకు పేచీ లేదు. కొట్లాడి తెచ్చుకున్న ఒప్పుకోలు కన్నా ఒప్పించి తెచ్చుకున్నది తొందరగా వస్తుంది. తతిమ్మాదంతా తలకిందులు. మగవాడికి తేలికని చెబుతున్నది నిజానికి మోయలేని బరువు. బిడ్డకు నిండుగా దక్కిందని చెబుతున్నది సగం ఖాళీ. ఒకే మాట అటు అతన్నీ ఇటు బిడ్డనూ మోసం చేస్తోంది.

1. ఏ కాగితం, ఎవరి చేతిరాత?

‘పేరిచ్చాడు’ అంటే ఏం చేశాడు? పంచాయితీ భాషలో దానర్థం బర్త్ సర్టిఫికెట్లో తండ్రి గడి నిండిందని. ఆ గడి ఎలా నిండుతుందో చూద్దాం. ఆస్పత్రిలో కాన్పయితే పుట్టుక సమాచారం రిజిస్ట్రారుకు పంపే బాధ్యత ఆస్పత్రి బాధ్యుడిది. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం అలా చెప్పింది, గడువు 21 రోజులు. నర్సు ఫారం పట్టుకుని మంచం దగ్గరికొస్తుంది, తండ్రి పేరేమిటని అడుగుతుంది, తల్లి చెబుతుంది, నర్సు రాసుకుంటుంది. తండ్రి ఆ వేళ సముద్రంలో ఉండొచ్చు. అసలు ఆస్పత్రి గడపే తొక్కి ఉండకపోవచ్చు. అతని సంతకం లేని కాగితం అతని ఒప్పుకోలు ఎలా అవుతుంది? అది తల్లి చెప్పిన మాటకు సర్కారు వేసిన ముద్ర. సాక్ష్యంగా పనికొస్తుంది, కాదనను. కానీ రేపు కోర్టులో “ఆమె రాయించుకుంది, నాకు తెలీదు” అనడానికి అతనికి దారి బార్లా తెరిచే ఉంటుంది.

అమెరికాలో ఉన్న బంధువులు చెప్పిన సంగతులు మనవాళ్ల చెవిన పడి ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచాయి. అక్కడ పెళ్లికాని తండ్రి ఆస్పత్రిలోనే ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెడతాడు. 1996 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం 60 రోజుల్లోగా దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఆ గడువు దాటితే మోసం, బలవంతం, వాస్తవం విషయంలో పెద్ద పొరపాటు, ఈ మూడింటిలో ఒకటి రుజువు చేస్తే తప్ప ఆ సంతకం కోర్టు తీర్పుతో సమానం. ఇంగ్లండులో 2003 డిసెంబరు నుంచి పెళ్లికాని తండ్రి పేరు తల్లితో కలిసి రిజిస్టరు చేయిస్తే అతనికి చట్టప్రకారం తల్లిదండ్రుల బాధ్యతే వస్తుంది. మన దేశంలో అలాంటి పత్రం లేదు, అలాంటి గడువు లేదు, అలాంటి ఫలితమూ లేదు. లేని కాగితానికి ఉన్న విలువను మన బర్త్ సర్టిఫికెట్‌కు అంటగట్టి పంచాయితీ ముగించడం మొదటి తప్పు.

2. పెళ్లి ఉన్నచోట పేరు అతడిచ్చేది కాదు

చెల్లుబాటయ్యే పెళ్లిలో పుట్టిన బిడ్డకు భర్త ‘పేరివ్వడం’ అనే ప్రసక్తే లేదు. ఆ పేరు చట్టం ఎప్పుడో ఇచ్చేసింది. పాత సాక్ష్య చట్టంలో 112వ సెక్షను, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 116వ సెక్షను చెప్పేది ఒకటే. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ, లేదా పెళ్లి రద్దయ్యాక తల్లి మళ్లీ పెళ్లాడకుండా 280 రోజుల్లోపు పుట్టిన బిడ్డ, ఆ భర్త బిడ్డే. దీన్ని తిరగ్గొట్టాలంటే గర్భం నిలిచే కాలంలో ఆ ఇద్దరూ కలుసుకునే అవకాశమే లేదని రుజువు చేయాలి. కలుసుకోలేదంటే చాలదు, అవకాశమే లేదని చూపాలి.

ఈ నియమం మా దీవులవాళ్లకు మరీ దగ్గరగా తగులుతుంది. భర్త ఇక్కడ, భార్య సోంపేటలో. గర్భం నిలిచిన రోజుల్లో ఊరికి పోనేలేదంటాడు. పోలేదని చూపేదేమిటి? ఓడ టిక్కెట్లు, పనిచోట హాజరు పట్టీ, బోటు యజమాని లెక్కల పుస్తకం. టిక్కెట్టు ముక్క సంచిలోనే చిరిగిపోయి ఉంటుంది, హాజరు పట్టీ కాంట్రాక్టరుతో పాటే పోయి ఉంటుంది. అవి లేకపోతే అతని మాట గాలిలో మాట.

“డీఎన్‌ఏ ఉందిగా” అనేవాళ్లకు జవాబు ఇక్కడే. అడగ్గానే పరీక్షకు పంపడం కుదరదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. భార్య నడత మీద అనుమానం తేల్చుకోవడానికి బిడ్డ రక్తాన్ని వాడుకోకూడదని 2023లో మళ్లీ చెప్పింది. 2025 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన కేసులో ఇంకా ముందుకెళ్లింది. వేరే మనిషే నా కన్నతండ్రి, అతనికి పరీక్ష చేయించండి అని ఓ కొడుకు అడిగితే, తల్లి పెళ్లిలో పుట్టావు కనుక చట్టం దృష్టిలో ఆ భర్తే నీ తండ్రి అని తలుపు మూసేసింది. దీనికి ఎదురు తీర్పు ఉంది, దాచను. 2014లో ఒక కేసులో పరీక్ష అప్పటికే జరిగిపోయి భర్త తండ్రి కాడని తేలింది, అప్పుడు కోర్టు చట్టపు ఊహ కన్నా సైన్సు రుజువుకే మొగ్గింది. అయితే అప్పటిదాకా అతను కట్టిన భరణం వెనక్కి ఇప్పించలేదు. పైగా కోర్టు పరీక్షకు ఒప్పుకోవడమే అసలు గడప. ఆ గడప దాటినవాడి కథ చెప్పి, దాటలేనివాళ్లకు భరోసా ఇవ్వడం ఏం తర్కం?

తెలుగువాళ్లకు ఈ ముచ్చట కొత్త కాదు. ఎన్.డి.తివారీ ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా రాజ్‌భవన్‌లో ఉన్న రోజుల్లోనే, 2008లో, నేను ఆయన కొడుకునని ఓ యువకుడు ఢిల్లీ హైకోర్టులో దావా వేశాడు. అతను పుట్టేనాటికి తల్లికి వేరే భర్త ఉన్నాడన్నదే తివారీ పట్టుకున్న ఆసరా. రక్తం ఇవ్వనని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2012 జులైలో పరీక్ష ఫలితం ఆయనే తండ్రి అని తేల్చింది. నోటితో ఒప్పుకున్నది 2014లో. దేశంలో గొప్ప వకీళ్లు పనిచేసిన కేసుకే అన్నేళ్లు పట్టింది. “రేపు తేల్చుకుందాంలే” అంటున్న బోటు కూలీ దేన్ని చూసుకుని అంటున్నాడు?

ఇక పేరు తీయించేయడం సంగతి. అదే 1969 చట్టం 15వ సెక్షను ప్రకారం తప్పుడు నమోదును రిజిస్ట్రారు సరిచేయవచ్చు. ఎలాగంటే, అసలు రాతను ముట్టుకోకుండా పక్కన మార్జిన్‌లో దిద్దుబాటు రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి. పాత పేరు రిజిస్టరులో అలాగే కనిపిస్తూ ఉంటుంది. సర్కారు రిజిస్టరులో రబ్బరు వాడరు నాయనా.

3. పెళ్లి లేనిచోట పుట్టే బాకీ

పెళ్లి లేదు, బిడ్డ ఉంది, అతను నాదేనన్నాడు. ఆ క్షణం నుంచి అతని నెత్తిన పడేది భరణం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షను సక్రమ సంతానం, అక్రమ సంతానం అని తేడా చూడదు. (ఆ ‘అక్రమ’ అనే ముక్క నాకు రోత. క్రమం తప్పింది కన్నవాళ్లయితే, కసురు బిడ్డ మీద. చట్టం వాడుతోంది కనుక వాడుతున్నాను.) తనను తాను పోషించుకోలేని బిడ్డను స్తోమత ఉండీ పోషించని తండ్రికి మేజిస్ట్రేటు నెలకింతని వేస్తాడు. 500 రూపాయల పాత పరిమితి 2001లోనే పోయింది. నోటీసు అందాక వీలైనంతవరకు 60 రోజుల్లో మధ్యంతర భరణం తేల్చాలి. కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు. హిందువులకు 1956 దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షను కూడా ఇదే బాధ్యత వేస్తుంది.

పేరే కదా అని సంతకం పెట్టినవాడు నిజంగా పెట్టింది పద్దెనిమిదేళ్ల నెలవారీ బాకీ మీద. కూతురైతే పెళ్లయ్యేదాకా సాగినా సాగొచ్చు. అది పెట్టాల్సిందే, నేను వద్దనడం లేదు. కానీ తెలిసి పెట్టాలి.

తల్లి వైపు నష్టం ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్క అని సుప్రీంకోర్టు 2020లో తేల్చి చెప్పింది. బిడ్డ పుట్టిన తేదీ నుంచి కాదు, పంచాయితీ జరిగిన తేదీ నుంచీ కాదు. పేరిచ్చాడు కదా, రేపో మాపో డబ్బూ ఇస్తాడని ఎదురుచూసి, పిల్లకు ఏడేళ్లొచ్చాక కోర్టుకెళ్తే ఆ ఏడేళ్ల పాలూ, మందులూ, బడి ఫీజూ తల్లి ఖాతాలోనే. ‘కోర్టు ఆలస్యం’ అని భయపెట్టి ఆపేవాళ్లు ఈ ఆలస్యాన్ని ఏ లెక్కలో రాస్తారు?

మరి ఓడెక్కిపోతే? దానికీ చట్టంలో చోటుంది. బిడ్డ తల్లితో అతను ఆఖరున ఎక్కడ కలిసి కాపురమున్నాడో ఆ జిల్లాలోనే దరఖాస్తు వేయొచ్చు. పెళ్లికాని తల్లిని కూడా ఆ మాటలోనే కలిపి రాశారు. అంటే శ్రీ విజయపురంలోనే (పాత పోర్ట్ బ్లెయిర్) వేయొచ్చు, విశాఖకు పరుగెత్తనక్కర్లేదు. వకీలుకు డబ్బా? 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితం.

నోటరీ కాగితాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. “ఒకేసారి ఇరవై వేలు తీసుకున్నాను, ఇకమీద బిడ్డ ఖర్చు అడగను” అని తల్లి చేత రాయించుకుంటున్నారు. బిడ్డకు చట్టం ఇచ్చిన హక్కును తల్లి అమ్మలేదు. అలాంటి ఒప్పందాన్ని కోర్టులు చెల్లనివ్వవు. ఇరవై వేలిచ్చినవాడు బాకీ తీరిందనుకుంటాడు, తల్లి దారి మూసుకుపోయిందనుకుంటుంది. ఇద్దరివీ భ్రమలే.

4. ఆస్తి: అసలు మోసం ఇక్కడే

పేరొస్తే ఆస్తి దానంతటదే వస్తుందన్న నమ్మకం ఎంత గట్టిదో అంత తప్పు. 1956 హిందూ వారసత్వ చట్టం బంధుత్వమంటే సక్రమ బంధుత్వమే అంటుంది. పెళ్లి బయట పుట్టిన బిడ్డ తల్లికి వారసురాలు, తండ్రికి కాదు. తండ్రి వంద కాగితాల మీద నా కూతురేనని సంతకం చేసినా, వీలునామా లేకుండా పోతే ఆ వంద సంతకాలూ సెంటు భూమి కూడా తేలేవు. ఆ బిడ్డకు మిగిలేది మైనరుగా ఉన్నంతకాలం, కూతురైతే పెళ్లయ్యేదాకా, అతని ఆస్తి నుంచి మనోవర్తి అడిగే హక్కు మాత్రమే. పోషణ హక్కు వేరు, వాటా హక్కు వేరు. పంచాయితీలో ఈ రెండింటినీ ఒకే మూటగట్టి ‘పేరు’ అని పిలుస్తున్నారు.

జంగ్లీఘాట్ పంచాయితీలో నేను మీకు ఓ సంగతి చెప్పలేదు. ఆ కుర్రాడికి ఊళ్లో పెళ్లాం ఉంది. అక్కడున్న అందరికీ తెలుసు. గంటసేపట్లో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. ఆ పిల్ల ఆస్తి హక్కంతా తిరిగేది మాత్రం దాని చుట్టూనే.

ఎందుకంటే హిందూ వివాహ చట్టం 16వ సెక్షను ఒక కిటికీ తెరిచింది. మొదటి భార్య ఉండగా రెండో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. అయినా ఆ చెల్లని పెళ్లిలో పుట్టిన బిడ్డ మాత్రం సక్రమ సంతానమే. తల్లిదండ్రుల ఆస్తిలో వాటా ఉంటుంది, తాతల, బాబాయిల ఆస్తిలో నేరుగా ఉండదు. 2023 సెప్టెంబరు 1న రేవణసిద్దప్ప కేసులో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం దీన్ని ఇంకా విప్పి చెప్పింది. ఉమ్మడి కుటుంబంలో తండ్రి చనిపోవడానికి ముందు క్షణం పంపకం జరిగిందనుకుంటే అతని వంతుకు ఏది వచ్చేదో, అందులో ఈ బిడ్డకు వాటా. పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటాదారు (కోపార్సెనర్) మాత్రం కాదు.

కానీ ఆ కిటికీకి ఒక గొళ్లెం ఉంది. చెల్లని పెళ్లయినా సరే, పెళ్లి జరిగి ఉండాలి. గుళ్లో తాళి కట్టడమో, సప్తపదో, కులాచారం ప్రకారం జరిగే తంతో ఏదో ఒకటి జరగాలి. ఊరికే కలిసుంటే ఆ సెక్షను వర్తించదు. అంటే మా దీవుల్లో రెండో కాపురపు బిడ్డకు బర్త్ సర్టిఫికెట్ కన్నా గుళ్లో దిగిన పెళ్లి ఫోటో విలువెక్కువ. ఆ ఫోటో, గుడి రసీదు, చూసిన ఇద్దరు మనుషుల పేర్లు దాచుకోమని చెప్పే పెద్దమనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇంకాస్త లోతుకు వెళ్తే చేదు మరింత తగులుతుంది. రెండో పెళ్లి నేరం. అయితే ఆ నేరం రుజువు కావాలంటే పెళ్లి తంతు జరిగినట్టు చూపాలని సుప్రీంకోర్టు 1965లోనే చెప్పింది. అందుకే తెలివైనవాడు తంతు జరపడు. “మనకెందుకు ఆ ఆర్భాటం, మనసులు కలిశాయిగా” అంటాడు. తంతు లేకపోవడం అతన్ని జైలు నుంచి కాపాడుతుంది. అదే తంతు లేకపోవడం బిడ్డను ఆస్తి నుంచి తప్పిస్తుంది. అతని కవచమే బిడ్డ మెడకు ఉరి. ఆ తర్వాత అతనొచ్చి ‘పేరిస్తాను’ అంటే మనం చప్పట్లు కొడుతున్నాం.

అతనికి పెళ్లే కాలేదనుకుందాం. అప్పుడు దారి కాస్త విశాలం. ఏళ్ల తరబడి భార్యాభర్తల్లా బతికితే చట్టం పెళ్లయినట్టే ఊహిస్తుంది. 2022 జూన్‌లో కేరళకు చెందిన ఓ కుటుంబం కేసులో సుప్రీంకోర్టు అలా ఊహించే కొడుక్కి వాటా ఇప్పించింది. అక్కడా నిలబెట్టింది పేరు కాదు, కలిసి బతికిన ఏళ్లకు ఉన్న రుజువులు.

ఈ దీవుల్లో సర్కారు ఉద్యోగులు ఎక్కువ కనుక వాళ్ల మాటా ఒకటి. భార్య ఉండగా ఇంకో పెళ్లి చేసుకోకూడదని కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 21వ నియమం. ఆ భయంతో చాలామంది రెండో కాపురపు పిల్లలను సర్వీసు రికార్డులో చూపరు. బాబూ, నువ్వు దాచింది నీ తప్పును కాదు, ఆ పిల్లల పింఛనును. రెండో భార్యకు హక్కు లేకపోయినా ఆమె మైనరు పిల్లలకు కుటుంబ పింఛనులో వాటా ఉందని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. కారుణ్య నియామకంలో రెండో పెళ్లి బిడ్డ అని తోసెయ్యకూడదని 2018లో చెప్పింది.

5. ఒప్పుకోలుకు నిజంగా బలమున్న చోటు

ఒక్క ముస్లిం లాలో మాత్రం తండ్రి ఒప్పుకోలుకు దానికదే బలముంది. దాన్ని ఇఖ్రార్ అంటారు. 1888లో అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ మహమూద్ ఇచ్చిన తీర్పు దీనికి ఇప్పటికీ మూలస్తంభం. బిడ్డ సక్రమత సందేహంలో ఉన్నప్పుడు, వయసులు పొసగేలా ఉంటే, తండ్రి నా బిడ్డ అంటే ఆ మాటే సక్రమతను నిలబెడుతుంది, వారసత్వం తెస్తుంది, ఒకసారి అంటే వెనక్కి తీసుకోవడం ఉండదు. అయితే ఇద్దరి మధ్య పెళ్లి అసాధ్యమని, లేదా పెళ్లే లేదని రుజువైతే ఆ ఒప్పుకోలూ పనిచేయదు. మా దీవుల్లో మోప్లా ముస్లిం కుటుంబాల పక్కన తరాలుగా బతుకుతున్న తెలుగువాళ్లు ఈ నియమాన్ని సగం విని, తమకూ వర్తిస్తుందనుకుంటున్నారేమోనని నాకో అనుమానం. వర్తించదు.

6. పేరిచ్చాను కనుక పిల్ల నాదే

కొందరు తండ్రులకు ఇంకో ఊహ ఉంది. సంతకం పెట్టాను కనుక పిల్లను ఊరికి తీసుకుపోయి మా అమ్మ దగ్గర పెంచుతాను అంటారు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం పెళ్లి బయట పుట్టిన బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లి అంటుంది, తండ్రి ఆమె తర్వాతే. బాకీ ఇవాళ్టి నుంచి, పెత్తనం ఆమె తర్వాత. ఓడ టిక్కెట్టు తీసే ముందు ఇది చదువుకోవాలి.

7. అమ్మాయికి పదిహేడైతే

ఇది పంచాయితీలో తేల్చేది కాదు. పద్దెనిమిది నిండని అమ్మాయి బిడ్డకు తండ్రినని రాసిచ్చేవాడు పోక్సో కేసులో తన మీద తానే సాక్ష్యం రాసిస్తున్నాడు. సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం కూడా నేరమే. అక్కడ కూర్చుని టీ తాగిన పెద్దమనుషులు ‘తెలిసినవాళ్లు’ కారా?

8. పేరే లేకపోతే?

మొత్తం వాదం నిలబడ్డది ఒక భయం మీద. తండ్రి పేరు లేకపోతే పిల్లకు బడి రాదు, ఆధార్ రాదు, పాస్‌పోర్టు రాదు. ఈ భయం ఎంత బలమైనదంటే, ఆ ఒక్క గడి నింపించుకోవడానికి తల్లి భరణం వదులుకుంటుంది, వాటా వదులుకుంటుంది, దెబ్బలు కూడా ఓర్చుకుంటుంది. అందుకే దీన్ని ఆఖరుకు ఉంచాను.

2015 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది: పెళ్లికాని తల్లి బిడ్డకు బర్త్ సర్టిఫికెట్ అడిగితే ఒక అఫిడవిట్ చాలు, తండ్రి పేరు చెప్పమని నిలదీయకూడదు. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలు. 2018 డిసెంబరు నుంచి తల్లి ఒంటరైతే పాన్ కార్డుకు తండ్రి పేరు తప్పనిసరి కాదు. 2023లో జనన మరణాల చట్టాన్ని సవరించినప్పుడు ఒంటరి తల్లి, పెళ్లికాని తల్లి తన కాన్పు గురించి తానే సమాచారమివ్వొచ్చని చట్టంలోనే రాశారు. ఆ ఏడాది అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడి నుంచి ఓటరు జాబితా దాకా పుట్టిన తేదీకీ చోటుకీ రుజువు బర్త్ సర్టిఫికెట్టే. కావలసింది ఆ కాగితం. అందులో తండ్రి గడి కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఓ కేసులో, భర్త పోయి మళ్లీ పెళ్లాడిన తల్లి తన బిడ్డకు ఏ ఇంటిపేరు పెట్టాలో తానే తేల్చుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. రెండో భర్తను రికార్డుల్లో సవతి తండ్రి అని రాయాలన్న హైకోర్టు ఆదేశాన్ని కొట్టేసింది.

గుమాస్తా కౌంటర్లో ఇదంతా తెలియక కసురుకోవచ్చు. కసురుకుంటాడు కూడా. కానీ గుమాస్తా అజ్ఞానానికి విరుగుడు తీర్పు నకలు పట్టుకెళ్లడం. మనసులేని మగవాడి కాళ్లు పట్టుకోవడం కాదు.

కాబట్టి నా మాట ఇది. తండ్రి ఒప్పుకోవడం మంచిదే, అయితే దాన్ని పంచాయితీకి ముగింపుగా కాక మొదటి వాక్యంగా రాయాలి. ఆ తర్వాత నెలకెంత, ఏ తారీఖున, ఏ బ్యాంకు ఖాతాలోకి అని రాయాలి. ఆ ఒప్పుకోలు మీద అతని సంతకం, వేలిముద్ర, ఇద్దరు సాక్షులు ఉండాలి. భరణం దరఖాస్తు అదే నెలలో పడాలి, ఇద్దరూ ఒప్పుకుంటే కోర్టే ఆ ఒప్పందం మీద ఉత్తర్వు ఇస్తుంది. పెళ్లి తంతు జరిగి ఉంటే దాని రుజువులు ఒకచోట చేర్చాలి. జరగకపోతే, నిజంగా తండ్రినన్న మనసుంటే, వీలునామా రాయాలి. హిందువు తన స్వార్జితాన్ని వీలునామాతో ఎవరికైనా ఇవ్వొచ్చు, అక్రమం సక్రమం ప్రశ్న అక్కడ లేదు. ఇవేవీ చేయకుండా ఇచ్చే పేరు, సంతలో అరువుకు రాసుకున్న పద్దు.

ఆ రోజు టీలు తాగి లేచాక పెద్దమనిషిని పక్కకు పిలిచాను. ఒప్పుకోలు కాగితంలో ఇంకొక్క లైను రాయించండి, నెలకు మూడు వేలు పిల్ల పేరున వేస్తాడని, చాలు అన్నాను. ఆయన చుట్ట వెలిగించుకుని, కుర్రాడు వెళ్లిన వైపు చూసి, నిదానంగా అన్నాడు: “అది రాస్తే ఆడు సంతకం పెట్టడు బాబూ.”